తూచని బరువు

ఓపీ చీటీలో నాడి, బీపీల పక్కన బరువు రాయడానికి ఒక గడి ఉంటుంది. చాలా ఏళ్లపాటు ఆ గడిని నేను కంటిచూపుతోనే నింపాను. బీపీ సిస్టర్ చూసినా మళ్ళీ నేను చూసుకోనిదే తృప్తి ఉండేది కాదు. షుగర్ రిపోర్టు చేతికి రానిదే మందు మార్చేవాణ్ణి కాదు. బరువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఎంతుంటవు, యాభై ఉంటవా?" అని నేను అడగడం, "ఉంటనేమో సార్" అని వాళ్ళు అనడం, 50 అని రాసేయడం. పాత చీటీ ఉంటే ఆ మాట కూడా అడగకుండా అందులోని అంకెనే దించేసేవాణ్ణి. నేను సూర్యాపేటలో ప్రాక్టీసు చేస్తాను. వారంలో ఒక రోజు కోదాడ, ఇంకో రోజు మిర్యాలగూడ వెళ్తాను. మూడు చోట్లా బరువు చూసే మిషన్లు ఉన్నాయి. కోదాడలో ఉన్నదాన్ని బల్ల కిందికి తోసేసి దాని మీద మందుల అట్టపెట్టెలు పేర్చేవాళ్ళు. అదేమిటని నేనూ అడగలేదు.

తిండి చాలని మనిషిని గుమ్మంలో చూడగానే పట్టేయగలనని నా ధీమా. ఆ ధీమా వల్ల నష్టపోయింది నేను కాదు, నన్ను నమ్మి వచ్చినవాళ్ళు. అందుకే దాన్ని దాచుకోకుండా రాస్తున్నాను.

ఆ ధీమాకు మూలం నేను చదువుకున్న పుస్తకాల్లోని బొమ్మలు. పక్కటెముకలు తేలి, ముఖం ముడతలు పడ్డ మరాస్మస్ బిడ్డ. ఉబ్బిన పాదాలు, రాగిరంగుకు తిరిగిన జుట్టు, పెచ్చులు లేచిన చర్మంతో క్వాషియార్కర్ బిడ్డ. పోషకాహార లోపం అంటే నా మనసులో ఆ ఇద్దరు పిల్లలే. పెద్దవాళ్ళ విషయంలో నాకు గుర్తున్నది ఒక్క పెల్లాగ్రా పాఠం. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకు మొదలైన చిన్న విభాగం పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. అక్కడ పనిచేసిన సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంఠియా మన జొన్న తినే పేదల్లో పెల్లాగ్రా ఎందుకు కనిపిస్తోందని వెతికారు. ఎండ తగిలే మెడ మీదా ముంజేతుల మీదా చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, మతి చెదరడం ఆ జబ్బు లక్షణాలు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటమే నయాసిన్ లోటుకు దారితీస్తోందని 1960లో వాళ్ళు ప్రతిపాదించారు.

ఆ పాఠంలో ఒక మాట ఉంది. కడుపు నిండా జొన్నరొట్టె తిన్నవాళ్ళకు కూడా ఆ జబ్బు వచ్చింది. పరీక్షలో ఈ మాట రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ అది గట్క, అంబలి తాగిన మా తాతల కాలం ముచ్చట అనుకొని అక్కడే వదిలేశాను. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ నేల వరి మాగాణిగా మారింది. మిర్యాలగూడ చుట్టూ కనుచూపు మేర రైస్ మిల్లులే. వడ్ల లారీలు రాత్రంతా వరుసకట్టి నిలబడే ఊళ్ళో కూర్చుని, ఇక్కడ తిండి లేని జబ్బేమిటి అనుకున్నాను. మిల్లులో వడ్లు దించే ముందు లారీని నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి కాంటా మీదికి ఎక్కిస్తారు. గింజలో తేమ ఎంతుందో మీటరు పెట్టి చూస్తారు, 17 శాతం దాటితే పేచీ మొదలవుతుంది. ఏళ్ల తరబడి ఆ వ్యాపారంలో ఉన్న సేటు కూడా తన కంటిని నమ్మడు. నేను నమ్మాను.

కోదాడలో ఒక పెద్దమ్మ నా దగ్గర షుగర్‌కి మందు వాడుతుండేది. భారీ మనిషి. మొదటిసారి వచ్చినప్పుడు సిస్టర్ తూచి 82 అని రాసింది. ఆ తర్వాత కొన్ని నెలలకు మనిషి తగ్గినట్టు కనిపించింది. షుగర్ కూడా తగ్గింది. "మంచిగ తగ్గినవమ్మా, ఇట్లనే మెయిన్‌టెయిన్ చెయ్" అని మెచ్చుకున్నాను. చీటీలో బరువు గడిలో మాత్రం పాత చీటీ చూసి 82 అనే రాశాను. ఒకే నిమిషంలో నోటితో తగ్గావని అంటూ, చేత్తో తగ్గలేదని రాశాను. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఆ రోజు ఆమె చేతికి ఉన్న బంగారు గాజులకు లోపలివైపు దారం చుట్టి ఉంది. బీపీ పట్టీ కడుతూ ఆ దారం చూశాను. జాకెట్టు పక్క కుట్లు రెండు వేళ్ల మేర లోపలికి వేసుకుంది, పాత కుట్టు చార బట్ట మీద తెల్లగా కనపడుతోంది. అదీ చూశాను. గాజు జారిపోతుంటే దారం చుట్టుకున్న మనిషిని ఎందుకు జారిపోతోందని అడగాలి కదా! అడగలేదు. "అన్నం తింటున్నవా?" అన్నాను. "తింటున్న సార్" అంది. పక్కన కోడలు నిలబడి ఉంది. తినడం లేదని అంటే కోడలు పెట్టడం లేదని నలుగురూ అనుకుంటారు. ఇంటి మర్యాద తీసే మాట ఏ అత్తా డాక్టరు ముందు అనదు. ఆ ఒక్క ప్రశ్నతో నిజం బయటికి వస్తుందని అనుకోవడం నా తెలివితక్కువతనం.

అప్పటికి నాలుగైదు నెలలుగా ఆమె బతికింది జావ మీద, చాయ మీద, ఒకటో రెండో ఇడ్లీల మీద. ఏం తిన్నా బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి. షుగర్ తగ్గింది నా మందు వల్ల కాదు, తిండి లేక. పేగులకు క్షయ. చివరికి పేగు మూసుకుపోయి హైదరాబాద్ తీసుకుపోతే రాత్రికి రాత్రి ఆపరేషన్ చేశారు. అక్కడి సర్జన్ నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "ఈమె బరువు ఎప్పటి నుంచి తగ్గుతోంది? ఇక్కడ 70 ఉంది." నా చీటీల్లో వరుసగా 82, 82, 82. నోట మాట రాలేదు.

ఐదారు నెలల్లో 12 కిలోలు. ఉన్న బరువులో ఏడో వంతు. 2019లో వెలువడిన గ్లిమ్ అనే అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఆరు నెలల లోపు 10 శాతం మించి బరువు తగ్గి, దానికి తోడు తిండి తగ్గిపోవడమో ఒంట్లో జబ్బు రగులుతుండటమో ఉంటే అది తీవ్రమైన పోషకాహార లోపం. ఆమె ఎత్తుకు 70 కిలోలంటే బీఎంఐ ఇంకా 30 పైనే. చార్టు చూస్తే స్థూలకాయం అనే ఉంటుంది. లావుగా ఉన్న మనిషి కూడా పస్తులతో ఎండిపోతుందనీ, ఆ ఒంట్లో ముందుగా పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా అనీ నాకు తెలియక కాదు. ఆమె విషయంలో తోచలేదు. ఆమె కడుపు మీది గాయం వారాల తరబడి మానలేదు. కుట్లు విడిపోయి మళ్ళీ వేశారు. మనిషి బతికి బయటపడింది. గాయం అన్నాళ్ళు పచ్చిగా ఉండటంలో నా వాటా ఉంది.

అప్పటి నుంచి నా ఓపీని కొత్త కళ్ళతో చూడటం మొదలుపెట్టాను. నాకు ఎక్కువ కలవరం కలిగించినవి నా నోటి నుంచి వచ్చిన మాటలే. మన దగ్గర ఏ రోగీ మందుచీటీ తీసుకుని ఊరికే లేవడు. "పత్తెం ఏమన్న ఉందా సార్?" అని అడుగుతాడు. అప్పటికి నా చూపు తర్వాతి మనిషి మీద ఉంటుంది. "నూనె, మాంసం తగ్గించు" అంటాను. ఆ అర నిమిషం మాటను వాళ్ళు ఏడాది పాటు దీక్షగా పాటిస్తారు. కిడ్నీ కాస్త దెబ్బతిన్న ఒక మాస్టారికి పప్పు తగ్గించమన్నాను. ఎంత తగ్గించాలో చెప్పలేదు, మళ్ళీ ఎప్పుడు తినొచ్చో చెప్పలేదు. ఆయన పప్పు, గుడ్డు, పాలు, పెరుగు అన్నీ మానేసి, చారన్నంతో బతికి, తొడల కండ కరిగి, కుర్చీలోంచి చేతులు ఆనించనిదే లేవలేని స్థితిలో నా ముందుకొచ్చాడు. బీపీకి ఉప్పు తగ్గించమంటే కూర సహించక అన్నమే తగ్గించిన ముసలమ్మలున్నారు. షుగర్ ఉందని అన్నం మానమంటే, దాని బదులు ఏం తినాలో తెలియక రెండు బిస్కెట్లతో రాత్రి వెళ్ళదీసేవాళ్ళున్నారు. టైఫాయిడ్ అనగానే మూడు వారాలు బ్రెడ్డు, పాలే. కామెర్లని తెలిస్తే పసరు మందు, దాని మీద కఠినమైన పత్తెం. ఈ పట్టింపులు పల్లెల్లో పాతవే అనుకుంటూ వచ్చాను. కానీ వాటికి డాక్టరు ముద్ర వేసింది నేనే. వద్దన్నవాటి జాబితా ఇచ్చిన ప్రతిసారీ తినాల్సినవాటి జాబితా కూడా ఇచ్చి ఉంటే ఆ మాస్టారి కాళ్ళు అంతగా సన్నబడేవి కావు.

ఇంకొకటి గ్లూకోజు బాటిల్. నీరసం అంటూ వచ్చినవాళ్ళు "ఒక బాటిల్ ఎక్కియ్యండి సార్, బలం వస్తది" అంటారు. కాదంటే పక్క వీధిలో ఎక్కించుకుంటారని నేనూ ఎక్కించేవాణ్ణి. అర లీటరు 5 శాతం గ్లూకోజు బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర. నూరు క్యాలరీలు కూడా నిండవు. మాంసకృత్తులు సున్న. ఒకటిన్నర గుడ్డు తింటే అంత శక్తి వస్తుంది, పైగా కండకు కావాల్సిన మాంసకృత్తులూ తొమ్మిది గ్రాముల దాకా అందుతాయి. ఈ లెక్క నాకు తెలుసు. ఒక్క రోగికి కూడా చెప్పలేదు.

దామరచర్ల వైపు తండా నుంచి ఒక తాతను మిర్యాలగూడ తీసుకొచ్చారు. జ్వరం పోయింది, నీరసం పోలేదు. పది రోజులుగా కల్లు తప్ప ఏమీ ముట్టడం లేదని కొడుకు చెప్పాడు. అప్పటికి నేను తూచడం మొదలుపెట్టాను కాబట్టి తూచాను. నెల కిందటి కంటే రెండు కిలోలు ఎక్కువ. తిండి లేకపోయినా బరువు నిలిచిందిలే అనుకున్నాను. పాదాలు పొంగి ఉన్నాయి, ముసలితనం అనుకున్నాను. బొటనవేలితో చీలమండ పైన నొక్కిపట్టి ఉంటే గుంట పడి తెలిసేది, పెరిగింది నీరేనని. నొక్కలేదు. గ్లూకోజు బాటిళ్ళు రాసి అడ్మిట్ చేయించాను.

రెండో రోజుకు ఆయాసం అందుకుంది, మనిషి మాటల్లో తేడా వచ్చింది. పెద్దాసుపత్రికి పంపితే అక్కడి కుర్ర డాక్టరు వెంటనే బాటిల్ ఆపి ముందు థయామిన్ సూది ఇచ్చాడు. రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం బాగా పడిపోయి ఉన్నాయని తేల్చి సరిచేశాడు. రోజుల తరబడి పస్తున్న ఒంటికి ఒక్కసారిగా చక్కెర అందితే ఇన్సులిన్ ఎగుస్తుంది. దానితోపాటే రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్ళిపోతాయి. ఆ చక్కెరను ఖర్చు చేయడానికి అవసరమైన థయామిన్ అప్పటికే అడుగంటి ఉంటుంది. గుండె తడబడుతుంది, ఊపిరి కండరాలు సోలిపోతాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక చెరల నుంచి బయటపడ్డ ఆకలి మనుషులు తిండి దొరికాకే చనిపోవడం చూసి వైద్యలోకం ఈ సంగతి నేర్చుకుంది. ఐదు రోజులకు మించి తిండి లేని రోగి అనగానే మొదట ఇది గుర్తు రావాలి. ఎంత పెట్టాలన్నదానికంటే ఎంత నెమ్మదిగా మొదలుపెట్టాలన్నది ముఖ్యం. ఆ తాత ప్రాణం నిలిపింది నాకంటే చాలా చిన్నవాడైన ఆ డాక్టరు.

నేను దేన్ని పట్టుకుని అంత నిశ్చింతగా ఉన్నానో కూడా చెప్పాలి. రక్తంలో అల్బుమిన్. రిపోర్టులో 3.5 పైన ఉంటే పోషణ బాగుందని పేజీ తిప్పేసేవాణ్ణి. అల్బుమిన్ పడిపోవడానికి చాలాసార్లు కారణం ఒంట్లోని ఇన్‌ఫెక్షన్, వాపు, కాలేయం, మూత్రపిండాల జబ్బులు. కేవలం తిండి లేక చిక్కి శల్యమైన మనిషిలో అది మామూలుగానే ఉండొచ్చు. అంటే నేను ఒక జబ్బు కొలతతో ఇంకో జబ్బును లేదని తేల్చేస్తున్నాను. ఆసుపత్రిలో పడుకున్న రోగులు డాక్టర్ల కళ్ళముందే పస్తులతో చిక్కిపోతున్నారని, ఎవరూ బరువు ఎత్తు రాయడం లేదని అమెరికా డాక్టర్ చార్లెస్ బటర్‌వర్త్ 1974లోనే గట్టిగా రాశారు. ఆయన అప్పుడు రాసిన మాట నా చీటీలకు అచ్చంగా సరిపోతుంది.

పోషణను అంచనా వేయడానికి కెనడాలో డెట్‌స్కీ బృందం 1987లో వివరించిన పద్ధతికి రక్తపరీక్షే అక్కర్లేదు. నాలుగు మాటలు అడగాలి, చేతులతో తడమాలి. నేనది ఆలస్యంగా నేర్చుకున్నాను. ఇప్పుడు "తింటున్నవా" అని అడగను. "నిన్న పొద్దున లేచిన కాడి నుంచి పండుకునే దాకా ఏమేం నోట్లో వేసుకున్నరో వరుసగా చెప్పండి" అంటాను. "పొద్దుగాల చాయ సార్. పదకొండు గొట్టంగ ఇంత అన్నం, పచ్చిపులుసు. రాత్రి ఆకలి కాలే." ఇంతంటే ఎంత, చేత్తో చూపించమంటాను. పోయిన పండక్కి కొన్న చెప్పులు, కట్టుకున్న బట్ట, వేలి ఉంగరం ఇప్పుడు వదులయ్యాయా అని అడుగుతాను. తర్వాత కణతల దగ్గర గుంట, కాలర్ ఎముక కింద లోతు, గుండ్రంగా ఉండాల్సిన భుజం పలకగా తేలడం చూస్తాను. బొటనవేలిని చూపుడువేలికి ఆనించమని ఆ మధ్యలోని కండను నొక్కితే బాగున్న మనిషికి గట్టిగా పొంగి తగులుతుంది, పోషణ లేనివాళ్ళకు అక్కడ పల్లం. పిక్క చుట్టుకొలత 31 సెంటీమీటర్లు లేకపోతే ముసలివాళ్ళలో కండ పోయిందని అనుమానిస్తాను. నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్ళ నుంచి వచ్చే పెద్దవాళ్ళ వెన్ను వంగి బిగుసుకుపోయి ఉంటుంది. వాళ్ళను గోడకు నిలబెట్టి కొలిస్తే ఎత్తు తక్కువ వచ్చి, బీఎంఐ లేనిపోని భరోసా ఇస్తుంది. మోచేతి నుంచి మణికట్టు దాకా ఎముక పొడవు కొలిచి ఎత్తు లెక్కగట్టాలి. ఇదంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టదు. అన్నేళ్లు తీరిక లేదనుకున్నది ఈ కాసేపటికే.

పిల్లల విషయంలో నాకు పాఠం చెప్పింది సూర్యాపేట దగ్గరి పల్లె అంగన్‌వాడీ టీచర్. ఒక బిడ్డను తెచ్చి "టేపు ఎర్ర రంగులోకి వచ్చింది సార్" అంది. బుగ్గలు నిండుగా ఉన్నాయని నేను తేలిగ్గా తీసుకోబోయాను. ఆమె మళ్ళీ టేపు చుట్టి నాకు చూపించింది. ఆరు నెలలు దాటిన, ఐదేళ్ల లోపు బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువైతే అది అతి తీవ్రమైన లోపం. ఆ బుగ్గల్లో ఉన్నది నీరు. రెండు పాదాల మీదా నొక్కితే గుంటలు పడ్డాయి. ఆమె పట్టుబట్టకపోతే ఆ బిడ్డకు నేను టానిక్ రాసి పంపేవాణ్ణి. టీచరమ్మకు ఆ రోజే అందరి ముందూ నమస్కారం పెట్టాను.

క్షయ రోగుల దగ్గర ఈ తూకం ప్రాణం మీది మాట. మందు బిళ్లల మోతాదే బరువును బట్టి ఉంటుంది. జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2023లో లాన్సెట్‌లో వచ్చాయి. రోగికీ ఇంట్లోవాళ్ళకూ నెలనెలా బియ్యం, పప్పు లాంటి సరుకులు ఇచ్చారు. అలా ఇచ్చిన ఇళ్ళలో మిగతావాళ్ళకు క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు పుంజుకున్న రోగుల్లో చావులు బాగా తగ్గాయి. నిక్షయ్ పోషణ్ కింద ప్రభుత్వం 2018 నుంచి రోగికి నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేసింది. ఆ డబ్బు ఖాతాలో పడిందా, పడితే గుడ్లకు పోయిందా అప్పుకు పోయిందా అని మందుతో పాటు అడగాల్సిన బాధ్యత నాదే. కొన్నేళ్లు అది ఆఫీసువాళ్ళ పని అనుకున్నాను.

ఆ అధ్యయనం చదివాక రోగి వెంట వచ్చినవాళ్ళను కూడా మిషన్ ఎక్కమంటున్నాను. ఆ మధ్య మిర్యాలగూడలో ఒక హమాలీ క్షయ మందుల కోసం వచ్చాడు, రెండు నెలల్లో మూడు కిలోలు పెరిగాడు. భార్యను కూడా ఎక్కమన్నాను. "నాకేమైంది సార్, నేను మంచిగనే ఉన్న" అంది. 37 కిలోలు. నిన్న ఏం తిన్నావమ్మా అంటే, ఆయనకు గుడ్డు, పిల్లలకు పప్పు పెట్టాక గిన్నెలో ఏముంటే అదేనంది. ఆ మాట భర్తకూ, వెంట వచ్చిన అత్తకూ వినపడేలా మళ్ళీ చెప్పించాను. గుడ్లు ఇక నుంచి రోజూ రెండు కొనాలని, ఒకటి ఆమెదని చీటీ మీద మందుల పైనే రాశాను. ఆమెకు కూడా కఫం పరీక్ష, ఎక్స్‌రే రాశాను. తర్వాతి నెల అతను ఒక్కడే వచ్చాడు. ఆమె నాట్లకు పోయిందట, పరీక్షలు చేయించలేదట. వాళ్ళ ఊరి ఆశా కార్యకర్త నంబరు తీసుకుని అతని ఎదుటే ఫోన్ చేశాను. నాట్లు అయ్యేదాకా ఆగొద్దని, ఆదివారం ఇంట్లో ఉన్నప్పుడు వెళ్ళి జబ్బ కొలత తీసుకుని నాకు చెప్పమని, కఫం డబ్బా ఆమె చేతికే ఇచ్చి రమ్మని చెప్పాను.